పదహారు తర్వాతి అంకె

1972 జూన్ పంతొమ్మిదో తేదీ సోమవారం మా ప్రాంతపు దినపత్రిక ఏడో పేజీ అడుగున ఈ వాక్యం అచ్చయింది: “జట్టు యజమాని సోదరి అయిన ఒక బడిపంతులమ్మ చుట్లు లెక్కపెట్టడంలో పొరబడినందున రవయోలి జట్టు నిన్న వల్లెలుంగాలో చేతికందిన గెలుపును జారవిడుచుకున్నది.”

ఇందులో నాలుగు తప్పులున్నాయి. నేను బడిపంతులమ్మను కాను; ఇటలీలోని ఫాయెంజా పట్టణపు ఉన్నత పాఠశాలలో లాటిన్ అధ్యాపకురాలిని. “ఒక” అన్న మాట అనవసరం. నాకు క్లేలియా రవయోలి అనే పేరుంది. గెలుపు చేయి జారలేదు. మా డ్రైవరు నేవియో చేయి పైకెత్తినందువల్ల పోయింది. నాలుగవ తప్పు అన్నిటికన్నా పెద్దది. నేను పొరబడలేదు.

సవరణ కోరుతూ ఆ పత్రికకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ అచ్చుకాలేదు. ఎనభై దాటిన ఈ వయసులో నాలుగోదాన్ని ఇలా రాస్తున్నాను.

మా ఇంటి వెనక షెడ్డులో అప్పటికి మూడేళ్ళ కిందటిదాకా ట్రాక్టర్లు బాగయ్యేవి. తమ్ముడు స్పార్తాకో వాటిని పక్కకు నెట్టి, ఒక మనిషి మాత్రమే పట్టే చిన్న పందెపు కారును తన చేతులతో తయారుచేశాడు. మొదటి ఏడాది అది ఎక్కువ పందేలలో గమ్యం చేరలేదు. రెండో ఏడాది చేరింది గాని, చివరివాళ్ళలో చేరింది. మూడో ఏడాది, అంటే నేను చెబుతున్న ఏడాది, ఏప్రిల్‌లో అయిదో స్థానం, మే మొదట్లో మూడో స్థానం, మే చివర గెలుపు వచ్చాయి. జాతీయ చాంపియన్‌షిప్ పట్టికలో మా పైన ఒక్క మిలాను జట్టే ఉంది. వాళ్ళకు మూడు లారీలు, ఒకే రంగు టోపీలు పెట్టుకున్న పన్నెండుమంది మనుషులు. మాకు నేవియో తండ్రి రొట్టెలు మోసే వ్యాను, నలుగురం మనుషులం.

“ఈ యేడు టైటిల్ కొడితే ఇలాంటి కారు కావాలని పదిమంది వస్తారు. కొట్టకపోతే మళ్ళీ ట్రాక్టర్లే,” అని స్పార్తాకో మార్చిలోనే తేల్చేశాడు. వాడికి ముప్ఫై ఆరేళ్ళు, నాకు నలభై రెండు. ఇద్దరమూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. అమ్మతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

నా పని కార్లు ఆగే పిట్ ముందుండే గోడమీద కూర్చోవడం. మెడలో రెండు స్టాప్‌వాచీలు, ఒళ్ళో ఒక కాగితం. ప్రతి చుట్టుకూ కాగితంలో ఒక వరుస ఉంటుంది. ఆ చుట్టులో కార్లు ఏ క్రమంలో, ఎంత సమయంలో దాటాయో ఆ వరుసలో రాయాలి. ఇరవైరెండు కార్లు డెబ్బై అయిదు సెకన్లకొకసారి కళ్ళముందునుంచి పోతూంటే తల ఎత్తడానికి తీరిక ఉండదు. ఆ కాలంలో ప్రతి జట్టు గోడమీదా ఇలాంటి ఆడమనిషి ఒకతె కూర్చుని ఉండేది. ఎవరి భార్యో, ఎవరి అక్కో. గెలిచిన జట్ల ఫొటోలు చూడండి. గోడ కనిపిస్తుంది. ఆమె కనిపించదు.

నా పక్కన స్పార్తాకో నిలబడి, కాగితంలో తర్వాతి వరుస అంకె చూసి, ఆ అంకెల రేకులను పలకలో దూర్చి, మొదలుకాబోతున్నది ఎన్నో చుట్టో డ్రైవరుకు చూపించేవాడు. ఒక్క అంకె మాత్రం ఆ పలక మీద ఎన్నడూ పడలేదు. పదహారు తర్వాత వాడు 16+1 అని పెట్టేవాడు. అందుకోసమే ఒక కూడిక గుర్తు రేకు కత్తిరించుకున్నాడు. మా దేశంలో ఇది వింత కాదు; ఆ అంకె చావుకు శకునమని భయం. మా ఊరి నాటకశాలలో పదహారో కుర్చీ పక్కన పద్దెనిమిదో కుర్చీ ఉంటుంది. ఆసుపత్రిలో మంచాలూ అంతే. ఒక జాతి మొత్తం వందకు తొంభై తొమ్మిదే లెక్కపెడుతూ వంతెనలు కడుతోంది; అవి నిలబడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంతవరకూ నా కాగితాలకు నేనే స్కేలుతో గీతలు గీసుకునేదాన్ని. జూన్‌లో మా మెకానిక్ గ్వాల్తియేరో ఉదారబుద్ధితో మూడువందల కాగితాలు అచ్చు వేయించుకొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, నన్ను చూస్తే ఏదో ఒకటి అనకుండా ఉండలేడు.

“పంతులమ్మగారూ, ఇంక గీతలు గీసే బాధ తప్పింది. ఆ తీరికలో మొగుణ్ణి వెతుక్కోండి.”

“ఇరవై ఏళ్ళనుంచి వెతుకుతున్నాను గ్వాల్తియేరో. తిన్నగా గీత గియ్యగలిగినవాడు ఒక్కడూ తగల్లేదు.”

కాగితాలు చక్కగా ఉన్నాయి. గీతలు సమానంగా ఉన్నాయి. అంకెలు ఎడమ అంచున వరుసగా ఉన్నాయి. అలా అనుకుని సంచిలో పెట్టుకున్నాను.

వల్లెలుంగాలో పందెం ముప్ఫై చుట్లు. అయిదో చుట్టునుంచి నేవియో ముందున్నాడు. నేను తల ఎత్తకుండా వరుస కింద వరుస నింపుతున్నాను. స్పార్తాకో వరుస అంకె చూసి పలక మారుస్తున్నాడు. పలక మీద 30 పడింది. అంటే ఆఖరి చుట్టు. ఆ చుట్టు ముగించుకుని నేవియో మా ముందునుంచి దాటుతూ ఎడమచేయి గాలిలోకి ఎత్తి, యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీసేశాడు. పందెం ముగిసిందని చెప్పే గళ్ళజెండా ఊగలేదు. వెనకే వస్తున్న మిలాను కారు మాత్రం కాలు తీయలేదు. నేవియోకు సంగతి తెలిసేసరికి మొదటి మలుపు దాటిపోయింది. ఇంకొక చుట్టు తర్వాత అతడు రెండోవాడుగా వచ్చాడు.

“లెక్క తప్పింది!” స్పార్తాకో అందరూ వినేటట్టు అరిచాడు. “అక్కా, ఏం చేశావు? ముప్ఫై వరకూ లెక్కపెట్టడం రాదా నీకు?”

అటుపక్క గోడమీదినుంచి మిలానువాడెవడో నవ్వాడు. “బడిలో రోమన్ అంకెలు నేర్పుతుందేమోలే!”

వాచీలు చూపిన మొత్తం సమయాన్ని సగటు చుట్టుతో భాగించాను. ముప్ఫై వచ్చింది. 30 అంకె ఉన్న వరుసదాకా వరుసలు లెక్కపెట్టాను. ఇరవైతొమ్మిది వచ్చాయి. ఎడమ అంచున వేలు పెట్టి కిందికి జరిపాను. పధ్నాలుగు, పదిహేను, పదహారు, పద్దెనిమిది.

కాగితాన్ని స్పార్తాకో ముందు పెట్టి, ఆ చోట వేలు ఉంచాను. చూశాడు. నోరు తెరిచాడు. నా వేలికింద ఏ అంకె లేదో అది చెబితేగాని తప్పు ఎవరిదో చెప్పలేడు. ఆ అంకె వాడి నోట రాదు.

“గెలుపు పోయింది. అంతే,” అని పలక కింద పడేసి వెళ్ళిపోయాడు.

అప్పటికే పత్రికవాడు మొదటి అరుపు రాసుకుని వెళ్ళాడు.

జరిగింది ఇది. అచ్చుపని చేసేవాడు, “పదహారు తర్వాతది ఎలా వెయ్యమంటారు?” అని అడిగాడట. గ్వాల్తియేరో “మామూలే,” అన్నాడట. మా మామూలు 16+1. ఊరి మామూలు అసలు లేకపోవడం. ఒక్క మాటకు రెండు అర్థాలుంటే ఏమవుతుందో నేను అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ఇక నేవియో: పదహారు తర్వాత పద్దెనిమిది చూసి, ఆ పాడు గుర్తు ఈసారి తన కంటపడకుండా పోయిందని సంతోషించాడట. ముగ్గురు మగవాళ్ళు ఒక అంకె కనబడనందుకు ఊపిరి పీల్చుకున్నారు; పత్రికలో పేరు లేకుండా పడ్డది నేను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నా షరతులు చెప్పాను. “రెండే. కాఫీ బార్‌లో పదిమంది ముందు మా అక్క లెక్క తప్పలేదని చెప్పు. ఇకమీదట పలక మీద పదిహేడు పెట్టు.”

స్పార్తాకో చేతిలో ఫోర్కు ఆగిపోయింది. “మొదటిది ఆలోచిస్తా. రెండోది కుదరదు.”

“ఎందుకు కుదరదు? దాని సంగతి తెలుసా నీకు? రోమన్లు దాన్ని XVII అని రాశారు. ఆ నాలుగు అక్షరాలూ అటూ ఇటూ చేస్తే VIXI. విక్సి. ‘బతికాను’ అని అర్థం. బతకడం అయిపోయింది గనక చచ్చానని ఎవడో సమాధుల దగ్గర భాష్యం చెప్పాడు. వ్యాకరణం రాని భయంరా ఇది! అక్షరాల గారడీకి భయపడి గెలుపు వదులుకుంటావా?”

“నాకు లాటిన్ రాదు.”

“రాదని తెలుస్తూనే ఉంది.”

“వాణ్ణి ఆ అంకె దగ్గర వదిలెయ్యవే,” అంది అమ్మ, పొయ్యివైపు తిరిగి ఉండే.

“ఆ అంకె పలక మీద పడేదాకా నేను గోడ ఎక్కను,” అన్నాను.

ఎక్కలేదు. ఆ వేసవంతా ఒకే బల్ల దగ్గర తింటూ, అమ్మ ద్వారా మాట్లాడుకున్నాం.

“అమ్మా, ఉప్పు ఇటు జరపమను.”

“అమ్మా, ఉప్పు తన మోచేతి దగ్గరే ఉందని చెప్పు.”

“నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజినా?” అని అమ్మ ఉప్పు తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది. వారంరోజులు చప్పిడి తిన్నాం.

జూలై పందెంలో గోడమీద గ్వాల్తియేరో కూర్చున్నాడు. పదో చుట్టుకే కార్లన్నీ కలగాపులగమై, చివరికి “ఎర్రవి రెండు, పసుపుది ఒకటి పోయినయ్” అని రాశాడట. నేవియో తన ముందు ఎవరున్నారో వెనక ఎవరున్నారో తెలియక ఆరోవాడుగా వచ్చాడు. ఆగస్టు మొదట్లో మిలాను కారు ఇంజిన్ ఆగిపోవడంతో మావాళ్ళు గెలిచారు. దాంతో రెండు జట్ల పాయింట్లూ సమానమయ్యాయి. సెప్టెంబరు చివర ఇమోలాలో జరిగే ఆఖరి పందెంలో ఆ ఇద్దరిలో ఎవడు ముందు దాటితే వాడిదే టైటిల్.

ఆగస్టు పదిహేనున, వేసవి పండుగకు ఊరంతా సముద్రానికి పోయినరోజు, నేవియో మా వీధి తలుపు తట్టాడు. చంకలో వేడి రొట్టె. ఒకప్పుడు నా తరగతిలోనే కూర్చున్నాడు. లాటిన్ పరీక్షలో రెండేళ్ళు వరుసగా తప్పించాను.

“టీచరుగారూ, లోపలికి రావచ్చాండి?”

“తరగతిలో ఎన్నడూ అడగలేదే ఈ మాట.”

“అప్పుడు వచ్చేవాణ్ణే కాదు కదండీ.” కూర్చున్నాడు. “నన్ను రెండుసార్లు తప్పించారు. మూడోసారి మీరే గట్టెక్కించాలి. గ్వాల్తియేరో లెక్కతో ఇమోలా వెళ్తే నేను ఏ పందెంలో ఉన్నానో కూడా నాకు తెలీదు.”

నేను లేచి సొరుగులోంచి ఏప్రిల్, మే నెలల కాగితాలు తీశాను. అవి నేను స్వయంగా గీసుకున్నవి, వరుసలన్నీ ఉన్నవి. మూడు పందేలు. మూడింటిలోనూ పదిహేడో చుట్టు పక్కన ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టి ఉంచాను.

“చూడు. పదహారో చుట్టుకూ దీనికీ తేడా. ఇక్కడ సెకనులో ఆరు పదోవంతులు. ఇక్కడ ఏడు. ఇక్కడ మళ్ళీ ఆరు. పద్దెనిమిదికి సర్దుకుంటున్నావు. ఆ ఒక్క చుట్టులో ఏం చేస్తావు?”

మూడు గీతలమీదా వేలు పెట్టి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏం చెయ్యనండి. పలక మీద ఆ కూడిక గుర్తు కనపడుతుంది. చిన్నప్పుడు నేను వంటింట్లోకి రాగానే అమ్మా నాన్నా మాట ఆపేసేవాళ్ళు చూడండి, అలా ఉంటుంది. ఏదో దాస్తున్నారనిపిస్తుంది. కాలు దానంతటదే లేస్తుంది.”

“అంకే కనపడితే?”

“అంకె అయితే అంకేనండి. దాచితేనే దెయ్యం.”

రెండేళ్ళలో అతడు నా ముందు చెప్పిన మొదటి సరైన జవాబు అది. ఆ మాట అతనితో అనలేదు. రొట్టె మాత్రం తీసుకున్నాను.

“ఇవి పట్టుకెళ్ళి, ఇదంతా మా తమ్ముడికి చెప్పు,” అన్నాను. “వాడు పలక మారిస్తే వస్తాను.”

సెప్టెంబరు రెండోవారంలో, ద్రాక్ష కోతల రోజుల్లో, గ్వాల్తియేరో షెడ్డు దగ్గర నన్ను ఆపాడు. టోపీ తీశాడు, అది నేను అంతకుముందు చూడని దృశ్యం.

“పంతులమ్మగారూ, పొద్దున బార్‌లో మీవాడు బల్ల మీద కొట్టి మరీ చెప్పాడు. ‘వల్లెలుంగాలో తప్పు మా అక్కది కాదు, కాగితంలో వరుస లేదు, నేను చూసుకోలేదు’ అని. బార్బరువాడు ఊరుకుంటాడా? ‘ఏం స్పార్తాకో, పంతులమ్మ బెత్తం తీసిందా?’ అన్నాడు.”

“వీడేమన్నాడు?”

“‘తీసింది, తిన్నాను, నీకూ కావాలా?’ అన్నాడు. నేనూ లేచి ‘మామూలే’ అన్న పాపం నాదేనని ఒప్పుకున్నా. ఇద్దరికీ కలిపి ఒక కాఫీ పోశారు.”

ఆ మధ్యాహ్నం స్పార్తాకో వంటింట్లోకి వచ్చాడు. అమ్మ ద్రాక్షతోటకు వెళ్ళింది. నేను గ్లాసులు కడుగుతున్నాను. వాడు కూర్చోలేదు.

“అక్కా, నేవియో ఆ కాగితాలు చూపించాడు. ఆరు పదోవంతులు. నువ్వు చెప్పింది నిజమే.”

“అయితే?”

“అయినా నావల్ల కాదు.”

నేను తిరగలేదు. లాటిన్ మళ్ళీ మొదలుపెట్టబోతున్నాను.

“యుద్ధంలో, నలభై నాలుగు డిసెంబరులో, నువ్వు పిన్నితో కొండమీద ఉన్నావు,” అన్నాడు. “మేం నేలమాళిగలో. పైన ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. నేను ఏడుస్తుంటే నాన్న లెక్కపెట్టమన్నాడు. ‘ఒక్కో గుండూ లెక్కపెట్టరా, లెక్కపెడితే భయం వెయ్యదు’ అన్నాడు. లెక్కపెట్టా. పదహారు. తర్వాత చప్పుడు లేదు. పైన ఆవు అరుస్తోంది. నాన్న నన్నడిగాడు. ‘ఎన్నిరా?’ ‘పదహారు నాన్నా. అయిపోయాయి.’ ”

కుళాయి కట్టేశాను.

“అయిపోయాయని చెప్పింది నేనే. ఆవు తాడు విప్పడానికి వెళ్ళాడు.”

నాన్న పెరట్లో గుండు తగిలి పోయాడని నాకు తెలుసు. ఎన్నోదో తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు దాన్ని లెక్కపెట్టి ఉంటాడని నాకు తట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు వాణ్ణి మూఢుడని అంటూ వచ్చాను, పుస్తకాలలోంచి ఆధారాలు చూపిస్తూ. అమ్మకు తెలుసు. నన్ను ఊరుకోమంది. ఊరుకోవడం నాకు చేతకాని విద్య.

గ్లాసు తుడిచి బోర్లించాను.

“పలక మీద నీ ఇష్టం వచ్చింది పెట్టుకో,” అన్నాను. “నేను వస్తాను.”

“ఆరు పదోవంతులు?”

“పోతే పోయాయి.”

అది నేను జీవితంలో చెప్పిన ఏకైక అబద్ధపు లెక్క. ఆ ఆరు పదోవంతులు మాకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆగస్టువరకూ వచ్చిన ఫలితాలన్నీ తీసి అంచనా వేశాను. ఇమోలాలో రెండు కార్ల మధ్య తేడా ఒక సెకనుకు మించదు.

ఇమోలాలో ఇరవైఆరు చుట్లు. ఆకాశం తేటగా ఉంది. నేను మిగిలిన అచ్చు కాగితాలన్నిటినీ ఇంట్లో వదిలి, చేత్తో గీసిన కాగితంతో గోడ ఎక్కాను. మిలాను గోడమీది పెద్దమనిషి టోపీ ఎత్తి, “లెక్క నేర్చుకొచ్చారా అమ్మా?” అన్నాడు. “మీకు అవసరమైతే చెబుతాను,” అన్నాను.

మిలాను కారు మొదటినుంచి ముందుంది. ఆరో చుట్టుకు మావాడు రెండు సెకన్లు వెనక. పదో చుట్టుకు ఒకటిన్నర. పధ్నాలుగుకు ఎనిమిది పదోవంతులు. దగ్గరవుతున్నాడు. పదహారో చుట్టు నడుస్తోంది. నా పక్కన స్పార్తాకో రేకుల పెట్టెమీదికి వంగాడు. రేకులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు మామూలుకన్నా ఎక్కువసేపు వినిపించింది. నేను చూడలేదు. కాగితం మీదినుంచి కళ్ళు ఎత్తే పని కాదు నాది.

రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. సమయం రాశాను. 1:52.4. తేడా మూడు పదోవంతులు.

అప్పుడు తల తిప్పాను. స్పార్తాకో పలకను రెండు చేతులతో తలకన్న ఎత్తుగా పట్టుకుని ఉన్నాడు. కార్లు మొదటి మలుపులో మాయమైనా దించలేదు. పలక మీద రెండే రేకులున్నాయి. కూడిక గుర్తు పెట్టెలోనే ఉంది.

వాడి వెనక గ్వాల్తియేరో చేతిలోని పానాను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఇనుము ముట్టుకుంటే కీడు పోతుందని మావాళ్ళ నమ్మకం. పట్టుకోనిచ్చాను.

“దించరా,” అన్నాను తమ్ముడితో. “చేతులు లాగుతాయి.”

దించాడు. ఇంజిన్ల చప్పుడు కొండవైపు వెళ్ళి, తిరిగి, దగ్గరైంది. దాటారు. వాచీ నొక్కాను.

“ఎంత?” అన్నాడు.

“ఒకటి యాభైరెండు, నాలుగు పదోవంతులు.”

“అంతకుముందు చుట్టు?”

“అంతే.”

తల ఊపి, 18 పెట్టడానికి వంగాడు.

ఇరవైఒకటో చుట్టులో కొండ దిగే మలుపు దగ్గర నేవియో ముందుకు వెళ్ళాడని లౌడ్‌స్పీకరు చెప్పింది. చివరి అయిదు చుట్లూ మిలాను కారు అతని వెనకచక్రాలకు అంటుకునే తిరిగింది. ఇరవైఆరు పూర్తయినప్పుడు గళ్ళజెండా నిజంగానే ఊగింది. ఇద్దరిమధ్య నాలుగు పదోవంతులు. నాలుగు ఆరుకన్నా తక్కువ. ఇది తీసివేత; మా ఊరి బడిలో ఏడేళ్ళకు నేర్పుతారు.

నేవియో ఈసారి చేయి ఎత్తలేదు. కారు పిట్‌లో ఆపి, శిరస్త్రాణం తీసి, గోడ దగ్గరికొచ్చి నన్నడిగాడు. “టీచరుగారూ, అయిపోయినట్టేనాండి? రాసుకున్నారా?”

“రాసుకున్నాను. ఇప్పుడు ఎత్తు.”

అప్పుడు ఎత్తాడు. గ్వాల్తియేరో నన్ను గోడమీదినుంచి అమాంతం దింపి, రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టాడు. గ్రీజు మరకలు మూడు రోజులు పోలేదు. మిలాను పెద్దమనిషి వచ్చి నా కాగితం చూపించమని అడిగాడు. చూశాడు. తమ వాళ్ళ కాగితంలో ఒకచోట రెండు కార్లు తారుమారయ్యాయని, నాది సరిగా ఉందని ఒప్పుకుని, టోపీ ఈసారి తీసి మరీ వెళ్ళాడు.

మర్నాడు పత్రికలో మొదటి పేజీ. స్పార్తాకో, నేవియో, గ్వాల్తియేరో, కారు. జట్టులో ముగ్గురని రాశారు. నా రెండో ఉత్తరం ఆ సందర్భంగా వెళ్ళింది.

నవంబరుకల్లా ఏడుగురు అదే కారు తమకూ కావాలని వచ్చారు. ఆఖరి ట్రాక్టరు షెడ్డు దాటింది. ఒక ఆదివారం ఉదయం, బయట పొగమంచు తోటలను మూసేసి ఉండగా, నేను మిగిలిన ఆ అచ్చు కాగితాలన్నిటినీ పొయ్యిలో వెయ్యడానికి తీసుకెళుతున్నాను. స్పార్తాకో చూశాడు.

“మంచి కాగితం. తగలెయ్యడం దేనికి? ఇలా తే.”

బల్లముందు కూర్చుని నా సిరాకలం అడిగాడు. పదహారుకూ పద్దెనిమిదికీ మధ్య సన్నటి గీత గీసి, ఎడమ అంచున అంకె వేశాడు. మొదటి కాగితం మీద ఒకటి పక్కన ఏడు వంకరపోయింది. రెండో కాగితం అందించాను. మూడోది. అమ్మ పిండి కలుపుతూ ఒకసారి ఇటు చూసి, మళ్ళీ పిండివైపు తిరిగింది. యాభయ్యోదానికి వాడి గీత తిన్నగా వచ్చింది. వందోదానికి ఈలవేయడం మొదలుపెట్టాడు. రెండువందలోదానికి చెయ్యి నొప్పి పుడుతోందని, ఎవరు వేయించమన్నారు ఇన్ని కాగితాలని గ్వాల్తియేరోను తిట్టాడు.

“ఎన్ని మిగిలాయే?” అంది అమ్మ. “భోజనాల వేళవుతోంది.”

“పదిహేడు,” అన్నాడు స్పార్తాకో, తల ఎత్తకుండా.

అమ్మ చేతులు పిండిలో ఆగాయి. నేను కాగితం అందించాను. వాడు గమనించలేదు; రాస్తున్నాడు.

ఆఖరిది పూర్తిచేసి, కలానికి మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి వేళ్ళు విరుచుకున్నాడు.

“హమ్మయ్య,” అన్నాడు. “బతికాను.”

నేను పాఠం చెప్పే భాషలో అది నాలుగక్షరాల మాట. ఆ సంగతి ఆ బల్ల దగ్గరే ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పలేదు. కాగితాలు సర్ది, పళ్ళేలు వేశాను.